వడియాలకు పేరుపడ్డ మిద్దె

మా నాయనకు ఒక ఆలోచన వచ్చిందంటే ఇంటిల్లిపాదీ సర్దుకోవాల్సి వచ్చేది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆయన ఏదో పొలం కాగితాల పని మీద అక్కడికి పోయి, ఆఫీసర్ల ఇళ్లలో తిరిగే కరెంటు పంకాలు చూసి వచ్చాడు. బేతంచెర్లకు ఆమడ దూరంలో ఉన్న మా పల్లెకు కరెంటు లేదు. లేకపోతేనేం, పంకాతో పని లేకుండానే ఇల్లు చల్లబరుస్తానన్నాడు.

అసలు సంగతేమిటంటే, మా ఇల్లు అప్పటికే చల్లగా ఉండేది. దూలాల మీద కట్టెలు, కట్టెల మీద జానెడు మందాన చౌడు మన్ను. నడిమింటి కప్పులో గవాచి అని ఒక రంధ్రం ఉండేది. లోపలి వేడి అందులోంచి పోయేది, వాన వస్తే దానిమీద కుండ బోర్లించేవాళ్లం. ఏటా వానలకు ముందు అమ్మ మిద్దె మీది గడ్డి పీకించి, కొత్త చౌడు పోయించి, నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించేది. ఈ ఏటేటి పని నాయనకు నామోషీగా తోచింది.

ఒక మధ్యాహ్నం ఆయన నడిమింట్లో నాపబండల నేల మీద వెల్లకిలా పడుకొని కప్పు వైపు చూస్తూ అడిగాడట.

"కింద పరిచిన బండ చల్లగుండాదా, లేదా?"

"ఉండాది," అంది అమ్మ.

"అదే బండ పైన గూడా పరిస్తే?"

అమ్మ ఈ సంభాషణను నాకు పదిసార్లు అభినయించి చూపింది. ప్రతిసారీ ఇక్కడికి వచ్చేసరికి నుదురు కొట్టుకునేది.

తొలి కాన్పుకు నేను పుట్టింటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. మన్ను దించేశారు, బేతంచెర్ల నుంచి బండ్ల మీద నాపబండలు తెప్పించి కప్పంతా పరిచి, సందుల్లో సున్నం పూశారు. ఇంత మంచి మిద్దెకు బొక్క ఎందుకని గవాచిని కూడా ఒక బండతో మూయించాడు నాయన. "ఈ మిద్దె మీద మళ్లా మన్ను పడాలంటే నా నెత్తిన నేనే మోసి పోయాల!" అని ఊరందరి ముందూ అన్నాడట. దించిన మన్నును పొలానికి తోలిస్తానంటే మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. కరివేపాకు చెట్టుకు కావాలని పెరట్లో కుప్ప పోయించింది. ఒక్క చెట్టుకు అన్ని బండ్ల మన్ను ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఉగాది దాటాక ఆ ఇంట్లో మేము పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. పొద్దంతా కాగిన బండ రాత్రంతా మా మీద ఆ వేడి దించుతుండేది. నాయన మాత్రం కిమ్మనలేదు. మన్ను మిద్దె కింద చొక్కా లేకుండా ఒట్టి పంచెతో పడుకున్న మనిషి, ఇప్పుడు చొక్కా తొడుక్కుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని కూర్చునేవాడు, తనకేమీ ఉక్క లేదని మాకు తెలియాలని. మోచేతుల మీదుగా కారిన చెమట నేల మీద చుక్కలు చుక్కలుగా పడేది. అమ్మ అప్పటికే ఆయనతో నేరుగా మాట్లాడటం మానేసింది, ఏం చెప్పాలన్నా నన్ను పిలిచి చెప్పేది.

"పాపా, మిద్దె కురుస్తాండాదేమో చూడు. మీ నాయన కాడ నేలంతా తడిసింది," అనేది.

నవ్వు ఆపుకోవడానికి నేను కడుపు పట్టుకునేదాన్ని. కానీ నా భయం నాకుంది. నా మెట్టినిల్లు మైదుకూరు నుంచి మా అత్త కబురు పెట్టింది, వైశాఖంలో వచ్చి చూస్తానని, వసతి బాగాలేకుంటే నన్ను తోలుకుని పోయి కాన్పు అక్కడే చేయిస్తానని. అత్త మంచిదే. అయినా ఆమె ఎదుట నేను గట్టిగా మూలగను కూడా లేను. నాకు అమ్మ కావాలి. ఆ మాట నాయనతో అంటే ఆయన మిద్దెను తప్పుపట్టినట్టవుతుంది.

అమ్మ వేరే దారి పట్టింది. మిద్దెను పొగడటం మొదలుపెట్టింది. మూడు రోజులు ఎండాల్సిన ఊరమిరపకాయలు మా మిద్దె మీద ఒక్క పూటకే గలగలలాడుతున్నాయని వీధంతా చాటింది. ఇంకేముంది, ఊళ్లో ఆడవాళ్లందరూ వడియాల పిండితో మా నిచ్చెన ఎక్కారు. నాయన వసారాలో కూర్చుని, ఎక్కే ప్రతి ఒక్కరికీ బండ గొప్పతనం చెప్పేవాడు. ఆ నెల ఆయనంత సంతోషంగా ఎవరూ లేరు.

అత్త నడి మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. నాయన ఆమెను నడిమింట్లోనే కూర్చోబెట్టాడు. ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుంటుండగానే పక్కింటామె చేటతో లోపలికి వచ్చింది.

"నీ మిద్దె శానా గొప్పది మామా! పొద్దున పెట్టిన వడియాలు, అప్పుడే ఎండిపాయె సూడు."

నాయన మీసం మెలేశాడు. "సూసినావా అమ్మా," అన్నాడు అత్తతో.

అత్త ఒక వడియం తీసుకుని, విరిచి, ఆ ముక్కల వంక కొంచెంసేపు చూసింది.

"పైన పెట్టిన వడియం పూటకు ఎండితే, కింద పెట్టిన పిల్ల ఎన్ని పూటలకు ఎండుతాది అన్నా?"

నాయన మీసం మీది చెయ్యి అక్కడే ఉండిపోయింది. అత్త లేచి నా పెట్టె తెరిచి, దండెం మీది నా చీరలు అందులో సర్దసాగింది. నాయన చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మీద కూడా కోపం వచ్చింది, ఈ వడియాల ఊరేగింపు ఈరోజే పెట్టాలా అని.

కాసేపటికి పైన దబ్బుమని చప్పుడైంది. సరిగ్గా నా మంచానికి నేరుగా పైన. తర్వాత ఇంకోటి, అక్కడే. మిద్దె మీంచి నాయన గొంతు వినిపించింది.

"ఎవురి వడియాలు వాళ్లు ఎత్తుకోండి! మన్ను పోస్తాండా!"

అత్త చేతిలో చీర పట్టుకుని పైకి చూస్తూ చప్పుళ్లు వింది. పది గంపలో పన్నెండు గంపలో, అన్నీ ఆ మూలనే పడ్డాయి. ఆ తర్వాత గునపంతో పొడిచిన శబ్దం, గవాచి మీది బండ పక్కకు జరిగి ఇంట్లోకి వెలుగు పడింది. ఆ రంధ్రంలో నాయన మొహం, నెత్తినిండా మన్ను.

"బండ మీద మన్ను ఉండాల పాపా. రెండూ ఉండాల. అది నాకు ముందే తెలుసు," అన్నాడు. "ఇప్పుడు చల్లగుండాదా?"

ఇంకా ఏమీ చల్లబడలేదు. "ఉండాది నాయనా," అన్నాను. అత్త చీరను మళ్లీ దండెం మీద వేసింది. ఆయన గడ్డం మీంచి చెమట చుక్కలు గవాచిలోంచి నేల మీద పడ్డాయి. అమ్మ ఈసారి నన్ను పిలవలేదు. తలెత్తి ఆయన్నే చూసి, "దిగి రాయ్యా, మజ్జిగ తాగి పోదువు," అంది.