బావి కింద మూడెకరాలకు నా ఫీజు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా జీతమెంతో ఇంట్లో ఎవరికీ నిజం చెప్పలేదు. బెంగుళూరులో ఒక మానసిక వైద్యశాలలో నేను సైకాలజిస్టుని. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడగడం, రంగు చెక్కముక్కలతో పరీక్షలు పెట్టడం, మతి ఎంత నిలకడగా ఉందో కాగితం మీద రాసివ్వడం నా పని. మందు రాసే అధికారం లేదు. పక్కగది డాక్టరుకు నా జీతానికి రెండింతలు, దాని మీద సాయంత్రాలు ప్రైవేటు ప్రాక్టీసు. డబ్బిచ్చి మరీ నాతో మాట్లాడి పోవడానికి ఎవరొస్తారు? నా పైన ఉన్న ఉద్యోగం ఒకే ఒక్కటి. అందులో ఉన్నాయన నాకన్నా నాలుగేళ్లే పెద్ద, మనిషి ఆరోగ్యంగా ఉండేవాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నా ప్రమోషన్ ఎప్పుడో నాకు అర్థమయ్యేది.

ధర్మవరంలో మా నాయనది పట్టుచీరల మగ్గం. మా వీధిలో అందరికీ ఆయన "మావాడు డాక్టరు" అని చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. ఒకసారి సెలవుకు పోయినప్పుడు, "నెలకెంత ఇస్తారబ్బా?" అని అడిగాడు. చుట్టూ మరో ఇద్దరు నేతగాళ్లు కూర్చుని ఉన్నారు. నిజం చెప్పడానికి నోరు రాక పక్కగది డాక్టరు జీతం చెప్పేశాను. ఇక అప్పటినుంచి ఆ అబద్ధానికి తగ్గట్టు ప్రతి నెలా మనియార్డరు పంపాల్సి వచ్చింది. మెస్సులో రాత్రి భోజనం మానేశాను. ఇదంతా నా తప్పుకు సాకుగా చెప్పడం లేదు. ఆకలితో ఉన్నవాళ్లందరూ నేను చేసిన పని చేయరు.

అలాంటి రోజుల్లో హిందూపురం వకీలు ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కొత్తచెరువు దగ్గర పల్లెలో డెబ్బై ఏళ్ల రైతు ఉన్నాడు. పెళ్లాం పోయింది, పిల్లలు లేరు. తనకు ఇన్నాళ్లూ వండిపెట్టిన మరదలి పేర, అంటే పెళ్లాం చెల్లెలి పేర, బావి కింద మూడెకరాలు రాసిస్తానన్నాడు. అన్నకొడుకులిద్దరూ అడ్డం తిరిగి, ముసలాయనకు మతి చలించింది, భూమి మా అజమాయిషీలో పెట్టండని పెనుకొండ కోర్టులో పిటిషన్ వేశారు.

"డాక్టర్లను పిలిస్తే దుడ్లు శానా అడుగుతారప్పా. నీ కాగితం చాలు మాకు" అన్నాడు వకీలు. రెండు వందల రూపాయలు, సగం ముందు, సగం కోర్టులో పని అయినాక. నాకది నెలన్నర జీతం. కాగితంలో ఏం రాయాలో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

హిందూపురంలో వకీలు ఇంటి మేడగదిలో పరీక్ష పెట్టాను. రైతును అన్నకొడుకులు కోర్టు పని అని చెప్పి బస్సులో తీసుకొచ్చి, గదిలో నా దగ్గర వదిలి కిందికి పోయారు. తెల్లటి పంచె కట్టుకుని, భుజం మీద తువ్వాలు మడిచి వేసుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చున్నాడు.

"ఈ రోజు ఏం తేదీ?" అని మొదలుపెట్టాను.

"తేదీలు నాకేం తెలుసప్పా. మృగశిర కార్తె వచ్చి ఐదు దినాలాయ. ఇంగా ఒక పదును వాన పడితే చెనిక్కాయ ఇత్తనమెయ్యల్ల."

మా జిల్లాలో పుట్టిన నాకు కార్తెలూ, వేరుశనగ విత్తే అదునూ తెలియకేం? ఐదు రోజులన్న మాట అక్షరాలా సరైన లెక్క. కానీ నా చేతిలోని అచ్చు కాగితంలో తేదీకే గడి ఉంది, కార్తెకు లేదు. తప్పు అని గీత పెట్టాను.

"రూపాయికి ఎన్ని పైసలు?"

"అరవై నాలుగు."

అది పాత పైసల లెక్క. కొత్త పైసలు వచ్చి అప్పటికి ఐదేళ్లు. సంతలో ఆయన ఈడువాళ్లు ఇంకా అణాల్లోనే బేరమాడేవారు. దానికీ తప్పు గీత. చెక్కముక్కలు ముందుపెట్టి బొమ్మలో ఉన్నట్టు పేర్చమన్నాను. వాటిని ఒకసారి తిరగేసి చూసి, "ఇవి పిల్లోల్లకియ్యప్పా" అని నవ్వి నా వైపు జరిపాడు. 'చేయలేకపోయాడు' అని రాశాను. ఆయనంతట ఆయన తన బావిలో నాలుగు మట్ల నీళ్లు, అంటే నాలుగు నిలువుల లోతు, ఉన్నాయనీ, ఏ వైపు మడికి ఎన్ని గంటల్లో పారుతుందనీ, మరదలు లేకుంటే పెళ్లాం పోయిన ఏడే తానూ పోయేవాడిననీ చెప్పుకొచ్చాడు. అంత తెలివైన మాటలు ఆ వారంలో నేను మరెవరి నోటా వినలేదు. నా కాగితంలో చోటు లేదనే సాకుతో వాటిని రాసుకోలేదు. చోటు చేసుకోవచ్చు, పక్కన అంచు ఖాళీగానే ఉంది.

పరీక్ష అయిపోయాక ఆయన లేవలేదు. "డాక్టరప్పా, నేను తప్పు చెప్పినవి ఉంటే చెప్పు. నేర్చుకుంటా" అన్నాడు. నాకు జాలేసింది. ఆ జాలి ఎందుకేసిందో అని ఇప్పటికీ తిట్టుకుంటాను. "ఈ రోజు జూన్ పన్నెండు, మంగళవారం. రూపాయికి నూరు పైసలు" అని చెప్పాను. ఆయన పెదవులు కదుపుతూ రెండుసార్లు అనుకుని, తల ఊపి మెట్లు దిగాడు.

కేసు పెనుకొండ కోర్టులో నాలుగు నెలల తర్వాత వచ్చింది. ఆయన వకీలును పెట్టుకోలేదు. నా భూమికి నాకు వకీలెందుకన్నాడట. మరదలు వెనక బెంచీ మీద కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. నా రిపోర్టును వకీలు గట్టిగా చదివాడు. అందులో నా పేరు ముందు డాక్టరు అని ఉంది. అక్కడా నేను కాదనలేదు.

జడ్జి మంచివాడు. రిపోర్టు ఒక్కటే పట్టుకుని తేల్చేయడం ఇష్టంలేక రైతును దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగాడు.

"పెద్దాయనా, ఈ రోజు ఏం తేదీ?"

ముసలాయన ముఖం విప్పారింది. నా వైపు ఒకసారి చూసి, బడిలో ఒప్పజెప్పినట్టు అన్నాడు. "జూన్ పన్నెండు సార్. మంగళవారం. రూపాయికి నూరు పైసలు."

అది అక్టోబరు నెల. కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. తేదీ రోజూ మారుతుందని ఆయనకు తెలియక కాదు. ఆ ప్రశ్నకు డాక్టరు ఒప్పుకునే జవాబు అదేనని నమ్మి, నాలుగు నెలలు జాగ్రత్తగా గుర్తుంచుకుని వచ్చాడు. నెలల తరబడి ఒక మాట పోగొట్టుకోకుండా దాచుకున్న మనిషికి మతి లేదని ఎవరనగలరు? ఈ సంగతి ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. లేచి నిలబడి ఒక్క మాట చెబితే సరిపోయేది. నా రిపోర్టు చిత్తుకాగితమయ్యేది, మిగతా నూరు రూపాయలు పోయేవి, ఉద్యోగం కూడా పోయేదేమో. నేను కాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. జడ్జి నిట్టూర్చి కలం అందుకున్నాడు. భూమి అన్నకొడుకుల అజమాయిషీలోకి పోయింది.

బయట వరండాలో వకీలు కవరు నా చేతిలో పెట్టి అటు పోయాడు. ముసలాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"నువ్వు చెప్పిందే చెప్పినా గదప్పా. యాడ తప్పు పోయినా?"

చుట్టుపక్కల ఎవరూ లేరనుకుని, "తప్పు చెప్పలేదు. నేను చెప్పిందే చెప్పినారు" అన్నాను. ఆయన ముఖంలో ప్రాణం లేచొచ్చింది. చప్పున వెనక్కి తిరిగి, బయటికి వస్తున్న అన్నకొడుకులనూ, మరదలినీ కేకేశాడు.

"ఇటు రాండి! ఆ తేదీ తానే చెప్పించినానంటాండాడు ఈయప్ప! నాకు మతి బాగుండాది!"

అన్నకొడుకులు నవ్వారు. మరదలు మాత్రం నవ్వలేదు. గబగబా నా ముందుకొచ్చి, "నిజమేనా స్వామీ?" అని అడిగింది. కోర్టు బంట్రోతు కూడా ఆగి చూస్తున్నాడు. అందరూ నా నోటి వైపే చూశారు.

నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

ముసలాయన నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి, తర్వాత తన చేతుల్లోకి చూశాడు. మరదలి భుజం పట్టుకుని, నాకు వినపడేంత దగ్గరగానే అన్నాడు.

"ఇప్పుడే కదమ్మీ, ఈయప్ప చెప్పినట్ల నా చెవులతో ఇన్నా. అయితే నాకు నిజంగానే మతి పోయినట్లుండాది."