అమ్మ కొట్టిన ఏరువాక తోరణం

ఏరువాక పున్నమి వస్తే నా కాలు ఒకచోట నిలిచేది కాదు. ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో ఆ రోజు మనుషులకంటే ఎడ్లకే మర్యాద ఎక్కువ. పొద్దున్నే కాలవలో స్నానం, కొమ్ములకు ఎర్రరంగు, మెడలో మువ్వల పట్టెడ, నోటికి బెల్లం పొంగలి. మాకు పెట్టేది ఆ తర్వాతే. సాయంత్రం ఊరి మొగదల రెండు గుంజల మధ్య గోగునార తోరణం కడతారు. ఎడ్లను దాని కింద నిలిపి, ఆ ఎడ్లున్న ఇంటివాళ్ళే ఎగిరి తోరణాన్ని చెర్నాకోలతో కొట్టాలి. ఇంటికి మూడే దెబ్బలు. తెగిన నార ఎడ్ల మెడకు కడితే ఏడాదంతా వాటికి జబ్బు చెయ్యదని నమ్మకం. వేరేవాళ్ళు కొట్టి తెచ్చిస్తే చెల్లదు.

ఎనభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు, నాన్న మిర్చి టిక్కీ బస్తాలు బండికెత్తుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పండగనాటికి మూడు నెలలుగా మంచం మీదే.

"ఈ ఏడు మన ఎడ్లకి నార లేనట్టే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నేనెగిరి కొడతా నాన్నా!" అన్నాను. నన్ను ఒకసారి కిందినుంచి పైకి చూసి మళ్ళీ గోడవైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది.

డప్పులు మొదలవగానే అమ్మ చిలక్కొయ్యకున్న చెర్నాకోల తీసింది. ఎడ్ల పగ్గాలు నా చేతికిచ్చి "పదవే" అంది.

అమ్మ నాన్నకంటే ఎత్తు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ ఎత్తు మీద వేళాకోళం ఆడనివాళ్ళు లేరు. అందుకే ఎప్పుడూ కాస్త వంగి నడిచేది. ఆవేళ మాత్రం వంగలేదు.

"ఆడవాళ్ళు తోరణం కొట్టటమేందమ్మా, ఎక్కడన్నా ఉందా?" అన్నాడు ఊరిపెద్ద.

"ఇంటివాళ్ళు కొట్టాలన్నారు కదండీ. మూణ్ణెల్ల నుంచి వీటికి మేతా కుడితీ చూసింది నేనేగా. నేను ఆ ఇంటిదాన్ని కాదా?"

ఆయన గొంతు సవరించుకుని పక్కకు జరిగాడు.

మొదటి దెబ్బ గాల్లో పోయింది. కుర్రాళ్ళు ఈలలేశారు. రెండోసారి ఎగరబోతే కొంగు కాళ్ళకు చుట్టుకుని, అదీ దండగైంది. "అమ్మా, కొట్టవే!" అని నేను గొంతు చించుకుని అరిచాను. అమ్మ కొంగు నడుముకు దోపి, ఎగిరి ఒక్కటిచ్చింది. గుప్పెడు నార తెగి నా నెత్తిన పడింది! డప్పుల దరువు రెట్టింపయింది. పగ్గాలు వదిలేసి గెంతినందుకు నేను అక్కడే తిట్లు తిన్నాను. అయినా గెంతడం ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎడ్లను దగ్గరికి తెమ్మని, రెండింటి మెడలకూ తనే నార కట్టాడు. ఇంకా కాస్త మిగిలింది. అమ్మ చెయ్యి పట్టుకుని మణికట్టుకు ముడెయ్యసాగాడు.

"నేనేమన్నా ఎద్దునా?" అని నవ్వింది అమ్మ.

"మూణ్ణెల్లుగా కాడి మోసింది నువ్వేగా. నీకేదన్నా అయితే నేను బతకలేను" అన్నాడు నాన్న.

ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదే మొదటిసారి. అమ్మ నవ్వు ఆగిపోయింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.