సైకిలుకు సరిపోయిన మ్యాపు

ఉదయం ఆరు గంటలకు బూర్గంపాడు చేరాం. మా సైనిక దళానికి వరద సహాయక డ్యూటీ. సన్నటి వాన. గోదావరి వెనక్కి తన్ని రోడ్లను ముంచింది. బడిలో క్యాంపు వేసి, తడి బూట్లు ఇంకా విప్పకముందే ఫోను వచ్చింది. గుట్టల అవతలి గూడెం నుంచి ఆశా కార్యకర్త. అక్కడొక అవ్వకు షుగరు. రెండు రోజులుగా ఇన్సులిన్ లేదు.

మా సుబేదారు ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. బడి వాకిట్లో ఉన్న గేర్ల సైకిళ్లు రెంటిని చూపించాడు. పాల్వంచ కుర్రాళ్లు వరద పనికని ఇచ్చినవి.

"జీపు పోదు. గివి పోతయ్. జల్దీ బయలుదేరుండ్రి."

నేనూ నర్సింగ్ అసిస్టెంటూ ఏడున్నరకు కదిలాం. మందు ఐసు ఫ్లాస్కులో ఉంది. నా జేబులో లారీలో వాడిన మ్యాపు. సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. జిల్లా అంతా ఒక్క కాగితంలో ఉంటే చాలనుకున్నాను. అందులో గూడేనికి దారి తిన్నగా, ఏడు సెంటీమీటర్లు.

ఆ కాగితంలో గుట్ట ఒక లేత మరక. కళ్లముందు మాత్రం నిట్టనిలువు రాయి. సైకిళ్లను భుజాలకెత్తుకుని ఎక్కాం. దిగితే ఎర్రగా పొంగుతున్న వాగు. మ్యాపులో అది లేనే లేదు.

పదకొండుకు రేడియోలో సుబేదారు గొంతు పలికింది.

"యాడున్నవ్?"

"మ్యాపు ప్రకారం గూడెం దగ్గర సార్. నిజానికి వాగు ఒడ్డున."

"తిరిగి రా."

ఒంటిగంటకు క్యాంపులో ఉన్నాం. అవ్వకు దక్కాల్సిన పూట నా వల్ల పోయింది. తల ఎత్తలేకపోయాను. సుబేదారు తిట్టలేదు, టీ ఇచ్చాడు. బల్ల మీద వేరే మ్యాపులు పరిచాడు.

సెంటీమీటరుకు పావు కిలోమీటరు ఉన్నదాన్ని నేను లాక్కున్నాను. ప్రతి మడుగూ కనిపిస్తోంది మరి.

"అది నడిచేటోనికి. సైకిల్ మీద షీటు ఊకె అయిపోతది. వానల నాలుగు షీట్లు మారుస్తవా? ఇది తీస్కో. సెంటీమీటరుకు అర కిలోమీటరు. ఎత్తు చూపే గీతలు దగ్గర దగ్గరుంటే ఎక్కుడు. దూరంగుంటే తొక్కుడు."

అందులో గుట్టను చుట్టుకుపోయే బండ్ల బాట ఉంది. ఐదు కిలోమీటర్లు ఎక్కువ, కానీ ఎక్కుడు లేదు. పైన వాగు రెండు పాయలుగా చీలే చోటూ ఉంది. ఒకటిన్నరకు బయలుదేరాం. పాయల దగ్గర నీళ్లు మోకాలి దాకే వచ్చాయి.

నాలుగున్నరకు గూడెం. అవ్వ గోడకు ఆనుకుని మగతగా ఉంది. అసిస్టెంటు వేలు గుచ్చి చూసి, ఇంజెక్షను ఇచ్చి, మంచినీళ్లు తాగించాడు. గంటగంటకూ చూస్తూ ఆ రాత్రి అక్కడే ఆగాం. తెల్లవారేసరికి అవ్వ కళ్లు తేటపడ్డాయి.

"గింత బురదల ఎట్లొచ్చిండ్రు బిడ్డా?"

"దారి దొరికిందవ్వా."

"దారి ఎప్పటికీ గాడ్నే ఉంటది గద!" అని నవ్వింది.

పదిరోజుల తర్వాత డ్యూటీ ముగిసింది. రెండేళ్లకు పదవీ విరమణ చేసి పాల్వంచ వచ్చేశాను. ఆదివారాలు గుట్టలకు సైకిళ్లేసుకుపోయే పిల్లలు ఏ మ్యాపు కొనాలని నన్ను అడుగుతారు. అర కిలోమీటరుదే చెబుతాను.

చెబుతుంటే గూడెంలోని ఆ ఉదయమే కనిపిస్తుంది. మేం బయలుదేరే ముందు ఆ అవ్వ వద్దంటున్నా వినక వాకిట్లో చతికిలబడి, లేగదూడను తుడిచినట్టు, నా సైకిలు బురదను కొంగుతో మెల్లగా తుడుస్తోంది.