కంచె అనే మాటలో తోటను చూపిన టీచరమ్మ

శుక్రవారం పొద్దున మా కాంపౌండ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. టీచరమ్మ ఇక లేరు.

జెద్దాలో ఆవిడ మా పక్కింటివారు. సొంతూరు కడప. జర్మనీ వెళ్లాలనుకునే మన నర్సులకు సాయంత్రాలు జర్మన్ నేర్పేవారు. ఎవరైనా తప్పు పలికితే నవ్వేవారు కాదు. టీ కప్పు కింద పెట్టి, వాళ్లు మళ్లీ పలికేదాకా ఓపిగ్గా చూసేవారు. "మాటక్కూడా పుట్టిల్లు ఉంటాది పాపా. ఒకసారి పోయి చూసొస్తే దాంతో బెదరకుండా మాట్లాడొచ్చు" అనేవారు.

మా ఇళ్ల వెనక ఖాళీ స్థలానికి ఇనుప కంచె వేసి, లోపల పాత పైపులు పడేశారు. దాంతో పిల్లలు రోడ్డు మీదే ఆడుకునేవాళ్లు. ఒకరోజు నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తూ మా అమ్మాయి సైకిల్‌ని నలిపేసింది. పిల్ల పక్కకు దూకింది కాబట్టి దక్కింది. నేను అక్కడే కూలబడి ఏడుస్తుంటే టీచరమ్మ వచ్చి భుజం పట్టి లేపారు.

"ఏడ్చింది చాల్లే. పా, మేనేజరు దగ్గరికి పోదాం."

"ఆయన మన మాట వింటారంటారా?"

"యాల వినడు? వాళ్ల మాటే వాళ్లకు చెప్తా."

మా కాంపౌండ్ మేనేజరు నెదర్లాండ్స్ మనిషి. పైపులు తీసేసి ఆ స్థలం పిల్లలకు వదలమంటే, కంచె భద్రత కోసమే అన్నాడు. టీచరమ్మ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పుకొచ్చారు. "జర్మన్‌లో కంచెను త్సౌన్ అంటారు. కంచె లోపల మనుషులు చేరితే అదే మాట ఇంగ్లీషులో టౌన్ అయింది. మొక్కలు పెరిగితే మీ భాషలో తౌయిన్ అయింది. అంటే తోట. మూడింటికీ పుట్టుక ఒకటే. మీ పెద్దలు కంచె వేసి ఊరుకోలేదు. మీరు వేసిన కంచెలో తోట ఏది?"

ఆయన లేచి కిటికీలోంచి పైపుల వైపు చూశాడు. "మా అమ్మమ్మ ఎప్పుడూ తోటలోనే ఉండేది" అన్నాడు.

తిరిగి వస్తూ అడిగాను, "అంత ధైర్యం ఎలా వచ్చిందండీ?"

"న్యాయం మన పక్కనే ఉండాది. మాట కూడా దొరికినాక ఇంకేం భయం?"

కొద్దిరోజుల్లోనే పైపులు కదిలాయి, నీళ్ల లైను వచ్చింది, స్థలమంతా గడ్డి వేశారు. కంచె మీదికి కాగితంపూల తీగ పాకించింది టీచరమ్మే. మా అమ్మాయి ఆ గడ్డి మీదే ఆడి పెరిగింది.

ఖననం అయ్యాక, ఆ సాయంత్రం అందరం తోటలో చాపలు పరుచుకుని కూర్చున్నాం. మేనేజరు వచ్చాడు. గేటు దగ్గర బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, తడి గడ్డి మీద ఉత్త కాళ్లతో నిలబడ్డాడు. ఆయన చుట్టూ పిల్లలు కేకలు వేస్తూ పరుగెడుతున్నారు. మాలో ఎవరం వాళ్లను ఆపలేదు.