అడ్డంగా పెట్టిన స్విచ్చు

మా పక్కింటి సైన్సు టీచరమ్మ పోయిన బుధవారం కన్నుమూసింది. బడిలో సంతాపసభ పెడితే వెళ్లి ముందు వరసలోనే కూర్చున్నాను. మంచిదన్నారు, నెమ్మదస్తురాలన్నారు, ఒక్కరోజూ ఆలస్యంగా రాలేదన్నారు. రాకెట్టు మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. నెమ్మదస్తురాలంట! అందుకే ఇది రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క మాట తగ్గించినా ఊరుకోను.

ఆమె బడిపిల్లల చేత అట్టగొట్టాలతో మోకాలెత్తు రాకెట్లు చేయించేది. రేణిగుంట దారిలో చెనక్కాయలు పీకేసిన మా చేనే వాటికి మైదానం. రాకెట్టు కడుపులో బ్యాటరీ, ఒక చిన్న యంత్రం. పైకంటా పోయాక ఆ యంత్రం గుడ్డగొడుగును బయటికి తోయాలి. గొడుగు విచ్చుకుంటే రాకెట్టు మెల్లగా దిగుతుంది, లేదంటే నేలకు కొట్టుకుంటుంది. ఆ యంత్రానికి కరెంటు ఇచ్చేది టార్చిలైటుకు ఉండేలాంటి జరిపే స్విచ్చు; కరెంటు ఉన్నంతసేపూ ఒక ఎర్రదీపం వెలుగుతుంది. గొడుగు నా పసుపు వాయిల్ చీరది. అడక్కుండానే చింపి ఇచ్చాను.

మొదటిసారి రివ్వున లేచి రాయిలా పడింది. పిల్లల మొహాలు వాడిపోయాయి. టీచరమ్మ పరుగెత్తిపోయి, పడిన బిడ్డను లేపినట్టు దాన్ని ఒళ్లోకి తీసుకుని, "ఏం నాయనా, యాడ తగిలింది?" అని అడిగింది. ఆమె తీరే అంత. "తప్పు యాడుండాదో పడినోళ్లనే అడగాల అవ్వా" అనేది. విప్పి చూస్తే స్విచ్చు కిందికి జారి, కరెంటు ఆగిపోయి ఉంది.

"పైకి జరిపితే ఎలిగేట్టు ఎవురు పెట్టమన్నారు మే?" అన్నాను. "మన ఇండ్లల్లో స్విచ్చు కిందికేస్తే కదా లైటెలిగేది! అట్ట పెట్టు."

"సరే అవ్వా, నీ మాటే కానీ."

తిప్పి పెట్టింది. మళ్లీ పడింది! ఈసారి స్విచ్చు పైకి జారి ఉంది. ఇంకోసారి పడితే రాకెట్ల పని మానుకోవాల్సిందేనని హెడ్మాస్టరు చెప్పేశాడు.

ఆ సాయంత్రం మా వసారాలో నా పాత టార్చి అందుకుంది. దాని మీట వదులు. వెలిగించి, నిలబెట్టి పైకి గుంజింది. ఆరిపోయింది. మళ్లీ వెలిగించి, తలకిందులుగా పట్టుకుని గుంజింది. వెలుగుతూనే లేచి, చెయ్యి ఆగగానే ఆరిపోయింది.

"సూడవ్వా! లేసేటప్పుడు కిందికి జారతాది, వేగం తగ్గేటప్పుడు పైకి జారతాది. అడ్డంగా పెడితే ఇంక యాడికి జారతాది?"

"అయితే నేను చెప్పింది సగం రైటే గదా?"

"సగమే అవ్వా. అందుకే రాకెట్టు పైదాకా బాగా పోయి, ఆడ నీ మాట మర్చిపోయింది" అని పొలమారేదాకా నవ్వింది.

మూడోసారి హెడ్మాస్టరు చేతులు కట్టుకుని చేలో నిలబడ్డాడు. ఆమె స్విచ్చును పక్కకు జరిపింది. గొట్టానికున్న కంతలో చిన్న ఎర్రదీపం వెలిగింది.

"లైటెలిగింది, అందరూ ఎనక్కి!"

లేచింది. పైన ఒక్క క్షణం ఆగినట్టయింది. అప్పుడు విచ్చుకుంది నా పసుపు చీర. ముందుగా ఈల వేసింది హెడ్మాస్టరే. కాదంటే నా ముందుకొచ్చి చెప్పమనండి.

టీచరమ్మ చెప్పులు వదిలేసి, చేతులు చాచుకుని దాని కిందకి పరుగెత్తి పట్టేసుకుంది.

"ఆర్పు మే, బ్యాటరీ అయిపోతాది" అన్నాను.

"కాసేపు ఎలగనీ అవ్వా."

నా చీరముక్క భుజం మీద వాలి ఉంటే, రాకెట్టును ఒళ్లో పెట్టుకుని, ఆ ఎర్రదీపాన్నే చూస్తూ చేలో కూర్చుండిపోయింది.