గీత మీద పడిన బంతి

ఆ బంతి గీత మీదే పడింది. ఈ ముక్క మొదటే చెప్పేస్తాను. ఆరేళ్లలో ఈ కథ ఎన్ని ఇళ్లలో చెప్పానో లెక్క లేదు గానీ, ఒక్కసారి కూడా ఇక్కడి నుంచి మొదలుపెట్టలేదు.

అప్పుడు మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇక్కడ అమెరికాలో, మా ఫ్రిస్కో ఊళ్లో పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో ఆడేది, బంతి విసిరేది తనే. నేను గుంటూరులో క్రికెట్ ఆడుతూ పెరిగినవాణ్ణి. కొట్టగానే బ్యాట్ కింద పారేసి పరిగెత్తే ఆటను చూసి మొదట్లో మొహం చిట్లించాను. రెండేళ్లు తిరిగేసరికి ఇక్కడ పుట్టినవాళ్ల కంటే ముదిరిపోయాను. మడతకుర్చీ, ఐస్ పెట్టె పట్టుకుని ప్రతి ఆటకీ ముందే వెళ్లి కూర్చునేవాణ్ణి. అంపైర్లను తిట్టుకోవడంలో నన్ను మించినవాడు మా వైపు లేడు. చివరికి మా ఆవిడ విసుగెత్తి, "అంత తెలిస్తే మీరే వెళ్లి నిలబడండి" అంది. పౌరుషానికి పోయి, లీగ్ వాళ్లు తల్లిదండ్రులకి పెట్టే అంపైర్ శిక్షణకి వెళ్లి పూర్తిచేసి వచ్చాను.

ఫైనల్ మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం. పొద్దున పడిన వానకి పక్క మైదానంలో ఆట ఆలస్యమై, మాకు రావలసిన అంపైర్లు అక్కడే ఇరుక్కుపోయారు. సాయంత్రానికి మళ్లీ తుఫాను వస్తుందని ఫోన్లన్నీ మోగుతున్నాయి. లీగ్ పద్ధతేమిటంటే, అంపైర్లు రాకపోతే శిక్షణ అయినవాళ్లలో జట్టుకొక తండ్రో తల్లో నిలబడాలి. మా వైపు నుంచి నన్ను తోశారు. అటువైపు నుంచి ఇంటి కప్పులు బాగుచేసే పని చేసుకునే ఒక భారీ మనిషి వచ్చాడు. వాళ్ల జట్టులో బాగా కొట్టే కుర్రాడు ఆయన కొడుకే.

ఆయన బ్యాటర్ వెనక, నేను మూడో బేస్ దగ్గర. ఆ వైపు హద్దు గీత మొత్తం నాది అని ఒప్పందం చేసుకున్నాం. ఆయన మొహానికి ముసుగు తగిలించుకుంటూ నా చెయ్యి పట్టుకుని ఊపి, "ఈ రెండు గంటలూ మనిద్దరికీ ఇక్కడ పిల్లల్లేరు" అన్నాడు. నేను నవ్వాను.

నాలుగో ఇన్నింగ్స్ చివర. మేం ఒక్క పరుగు ముందున్నాం. వాళ్లకి ఇంకొక్క అవుట్ మిగిలింది, రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు. బ్యాట్ పట్టుకుని ఆయన కొడుకు. మా అమ్మాయి అప్పటికే అలిసిపోయింది, బంతి చెప్పినట్టు వినడం లేదు. ఒక బంతి అంచు మీదుగా వెళ్లింది. చెడ్డ బంతి కింద "బాల్" అన్నా ఎవరూ ఏమీ అనరు. ఆయన మాత్రం కొడుకు మీదే "స్ట్రైక్!" అని అరిచాడు. అది రెండోది, మూడో స్ట్రైక్ పడితే అవుట్. వాళ్ల వైపు కుర్చీల్లోంచి ఒక మూలుగు వచ్చింది. కుర్రాడు వెనక్కి తిరిగి తండ్రి వంక చూడను కూడా చూడలేదు.

తరువాతి బంతిని వాడు కొట్టాడు. బంతి నన్ను దాటి, మూడో బేస్ అవతల గీత మీద పడింది. సున్నం పైకి లేచింది. చిటికెడు తెల్ల దుమ్ము, గాలిలో కాసేపు నిలిచింది.

బేస్‌బాల్‌లో గీత కూడా మైదానంలో భాగమే. గీతను తాకితే మంచి బంతి. బేస్‌ల మీదున్న ఇద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చేస్తారు, రెండు పరుగులతో వాళ్లు మమ్మల్ని దాటిపోతారు. నేను చెయ్యవలసిందల్లా మైదానం వైపు వేలు చూపించడం. నేను రెండు చేతులూ పైకెత్తి "ఫౌల్!" అన్నాను, బంతి హద్దు బయట పడింది, లెక్కలోకి రాదు అని.

అందరూ ఒక్కసారిగా లేచారు. ఆయన ముసుగు తీసి నా దగ్గరికి నడిచి వచ్చాడు. కోపం లేదు. "సరిగ్గా చూశావా?" అని అడిగాడు. చూశానన్నాను. "అయితే నీ గీత, నీ మాట" అని వెనక్కి వెళ్లిపోయాడు. వాళ్ల కోచ్ కేకలేస్తుంటే ఆయనే ఆపాడు. కుర్రాడు వచ్చి మళ్లీ నిలబడ్డాడు. తరువాతి బంతికి గాలిలో బ్యాట్ ఊపి అవుటయ్యాడు. పిల్లలు అటూఇటూ మారుతుండగానే మెరుపు మెరిసింది. అందర్నీ కార్లలోకి పంపేశారు. అరగంటకి మైదానం చెరువైంది. నాలుగు ఇన్నింగ్స్ పూర్తయ్యాయి కాబట్టి గెలుపు మాదేనన్నారు. కప్పు పార్కింగ్‌లో, గొడుగుల కింద ఇచ్చారు.

ఆ తరువాత రెండు వారాలు గ్రూపుల్లో పెద్ద యుద్ధమే నడిచింది. అంతకుముందు ఏడాది దాకా ఫైనల్‌కి వాన అడ్డొస్తే ఆగిన చోటి నుంచి మర్నాడు ఆడించేవాళ్లు. మైదానాలు దొరకడం లేదని ఆ ఏడాదే నాలుగు ఇన్నింగ్స్‌ల రూల్ తెచ్చారు. మార్చిలో ఇదే రూల్ వల్ల మేం ఒక ఆట ఓడిపోతే, ఇదెక్కడి అన్యాయమని సంతకాలు పోగుచేసిన మావైపు పెద్దమనిషి, మేలో రూల్ అంటే రూలే అని పేజీలకు పేజీలు రాశాడు. తల్లిదండ్రులను అంపైర్లుగా పెట్టడం తప్పని కొందరు, రానివాళ్లని ఎక్కడి నుంచి తెస్తామని కొందరు. ఎవరి దగ్గరా వీడియో లేదు. ఫోన్లన్నీ పరిగెత్తే పిల్లల మీదే ఉన్నాయి. ఇక గీతను వాన ఎప్పుడో కడిగేసింది.

కప్పు గెలిచినందుకు పిజ్జా తినడానికి వెళ్లినప్పుడు మా జట్టులోనే ఒక తల్లి, అమెరికన్ ఆవిడ, మెల్లగా అడిగింది, నాకు సున్నం లేచినట్టు అనిపించింది, నీకు కనిపించలేదా అని. పక్కనే మా కరీంనగర్ మిత్రుడున్నాడు, వాళ్ల అబ్బాయి కూడా మా జట్టే. నా చెవి దగ్గరికి వంగి, "గంత టెన్షన్ ఎందుకన్నా? మనకి క్రికెట్‌ల గీత మీదుంటే అవుటే గదా. గట్లనే చెప్పు, అయిపోతది" అన్నాడు.

అదే చెప్పాను. క్రికెట్‌లో బ్యాట్ గీత మీద ఆగితే చాలదు, దాటాలి. ముప్పై ఏళ్లు గీత మీదుంటే అవుట్ అని పెరిగిన చెయ్యి, నన్ను అడక్కుండానే లేచింది అన్నాను. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నా భుజం తట్టింది. వారంలో ఆ మాట అటువైపు వాళ్లకి కూడా చేరింది, గొడవ చల్లారింది. పాపం, తెలియక చేశాడు. మరుసటి ఏడాది అంపైర్ శిక్షణలో, క్రికెట్ దేశాల నుంచి వచ్చినవాళ్లు గీత విషయంలో జాగ్రత్తగా ఉండాలని ఒక స్లైడ్ కూడా పెట్టారట.

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. నాకు రూల్ తెలుసు. శిక్షణ చివర పెట్టిన పరీక్షలో గీత ప్రశ్న ఉంది, సరిగ్గానే రాశాను. ఆ క్షణంలో నాకు క్రికెట్ గుర్తు రాలేదు. గుంటూరు గుర్తు రాలేదు. సున్నం లేవడం చూశాను, అది మంచి బంతి అని తెలుసు, చేతులెత్తాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ తెల్ల దుమ్ము నన్ను వదల్లేదు. కిరాణా కొట్టు పార్కింగ్‌లో కొత్తగా వేసిన గీతల మధ్య కారు ఆపుతుంటే కనిపించేది. ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఎవరో బోర్డు తుడిస్తే కనిపించేది. మా ఆవిడ ముగ్గు డబ్బా మూత తీస్తే నేను గదిలోంచి లేచి వెళ్లిపోయేవాణ్ణి. కథ చెప్పిన ప్రతిసారీ జనం నవ్వేవాళ్లు. నవ్వు ఆగగానే అది గాలిలో అలాగే నిలబడి ఉండేది.

రెండేళ్ల తరువాత ఏప్రిల్‌లో మా పేటలో వడగళ్లు కురిశాయి. మా ఇంటి కప్పు చూసి చెప్పడానికి మా ఆవిడ ఎవరినో పిలిచింది. తలుపు తీస్తే ఆయనే. నన్ను గుర్తుపట్టి ఆప్యాయంగా చెయ్యి కలిపాడు. నిచ్చెన వేసుకుని పైకెక్కి, వడగళ్ల దెబ్బ తగిలిన ప్రతిచోటా సుద్దతో గుండ్రంగా గీసుకుంటూ వెళ్లాడు. కిందికి దిగాక, "బీమా డబ్బుల కోసం కొంతమంది లేని దెబ్బలకి కూడా గీస్తారు. నేను చూసినదానికే గీస్తాను" అన్నాడు. మామూలుగానే అన్నాడు, తన పని గురించే.

అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను. వచ్చింది మళ్లీ క్రికెట్ కథే.

ఆయన టోపీ తీసి తల గోక్కుని హాయిగా నవ్వాడు. "విన్నాన్లే. మా వాడు చాలా రోజులు మొండికేశాడు. గీత మీదే పడింది నాన్నా, నేను చూశాను అంటాడు. పరిగెత్తేవాడికేం కనిపిస్తుంది, అంపైర్ మాట మాటే అని కసిరాను. ఓడిపోవడం చేతకావడం లేదన్నాను" అని చెప్పి, నిచ్చెన ట్రక్కులోకి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. నేను గరాజ్‌లోకి వెళ్లి తలుపు దించుకుని నిలబడ్డాను. ఒక మంచి మనిషి నా మాట మీద నమ్మకంతో, నిజం చెప్పిన కొడుకుని కసిరాడు. ఆయన నంబరు నా ఫోన్‌లో ఉంది. నాలుగేళ్లు ఉంది.

ఈ అక్టోబర్‌లో పెద్దవాళ్ల బేస్‌బాల్ ఫైనల్స్ నడుస్తున్నప్పుడు ఒక సాయంత్రం స్నేహితులు మా ఇంటికి వచ్చారు. ఈ ఏడాది కొత్త రూల్ వచ్చింది. అంపైర్ స్ట్రైక్ అన్నది నచ్చకపోతే బ్యాటర్ టోపీ మీద తట్టుకుంటాడు, బంతి ఎక్కడి నుంచి వెళ్లిందో మిషన్ తేల్చేస్తుంది. దాని మీద మా హాల్లో పెద్ద రభస. తప్పు చేసే హక్కు మనిషికి ఉండాలని ఒకరు, ఇన్నాళ్లూ ఆ తప్పులకి బలైనవాళ్ల మాటేమిటని ఒకరు.

కరీంనగర్ మిత్రుడు సమోసా నములుతూ, "గీ మిషన్ మా అన్న టైమ్‌ల ఉంటేనా, మా పోరగాండ్లకి కప్పు వచ్చేటిదే కాదు!" అన్నాడు. జెర్సీ సిటీ నుంచి కొత్తగా వచ్చిన జంట ఉంది. వాళ్లకి తెలియదు కదా. "చెప్పన్నా గా స్టోరీ" అన్నాడు.

చెప్పాను. ఇన్నేళ్లలో చేతులెత్తడం కూడా అభినయించి చూపించడం అలవాటైంది. అందరూ నవ్వారు. మా అమ్మాయి తింటున్న పళ్లెం సింక్‌లో పెట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున తన కారు సర్వీస్‌లో ఉంటే స్కూల్‌కి నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు తనకి పదిహేడేళ్లు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

"నాన్నా, ఆ స్టోరీ ఇంక చెప్పకు, ప్లీజ్."

"ఏం, బోర్ కొట్టిందా?"

"అది ట్రూ కాదు కదా."

నేను రేడియో కట్టేశాను.

"నేను అక్కడే ఉన్నా కదా నాన్నా, బాల్ త్రో చేసింది నేనే. నువ్వు ఫస్ట్ బాల్ చూసావు. నెక్స్ట్ నన్ను చూసావు. దెన్ హ్యాండ్స్ పైకి పెట్టావు."

తనవైపు చూసిన సంగతి నాకు గుర్తు లేదు. ఇన్నేళ్లూ దుమ్ము ఒక్కటే గుర్తుంది. తను చెప్పగానే మాత్రం కనిపించింది. టోపీ కింద ఎర్రగా కందిన చిన్న మొహం, వణుకుతున్న పెదవి.

"నేను ఏడుస్తున్నా అప్పుడు. నాకోసం చేసావు అని నాకు తెలుసు. సో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా."

"అందుకేనా విసరడం మానేశావు? భుజం నొప్పి అన్నావు కదా."

"త్రో చేసే ముందు ఎవ్రీ టైమ్ థర్డ్ బేస్ వైపు చూసేదాన్ని. ఇట్ వాజ్ వియర్డ్, నాన్నా." వెనక కారువాడు హారన్ కొట్టాడు. "గ్రీన్ వచ్చింది, వెళ్లు."

స్కూల్ దగ్గర దిగి బ్యాగ్ తగిలించుకుని, పక్కనున్న స్నేహితురాలితో మాట్లాడుతూ వెళ్లిపోయింది. ఆ అబద్ధం బరువు నా ఒక్కడిదే అనుకున్నాను. పదకొండేళ్ల పిల్లకి సగం మోపి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ ఇల్లిల్లూ తిరిగి నవ్వించాను.

ఆఫీస్‌కి వెళ్లలేదు. స్కూల్ పక్క వీధిలో కారు ఆపి ఆయనకి ఫోన్ చేశాను. ఎవరి ఇంటి కప్పు మీదో ఉన్నట్టున్నాడు, సుత్తి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. క్రికెట్ కాదు, నాకు రూల్ తెలుసు, బంతి గీత మీదే పడింది అని చెప్పాను. అలవాటైన మాటలేవీ దొరక్క రెండు వాక్యాల్లో అయిపోయింది.

"అది నాకు కాదు చెప్పాల్సింది. మా వాడు ఇక్కడే ఉన్నాడు, నాతోనే పని చేస్తున్నాడు" అన్నాడు. కేకేశాడు. సుత్తులు ఆగాయి.

"హలో?" అంది ఒక మగవాడి గొంతు. నా బుర్రలో వాడింకా పన్నెండేళ్ల దగ్గరే ఉన్నాడు. నేనెవరో చెప్పాను. మళ్లీ ఆ రెండు వాక్యాలూ చెప్పాను. క్షమించమని అడిగాను.

"గీత మీదే కదా?" అన్నాడు.

"గీత మీదే."

వాడు ఫోన్ పక్కకి పట్టుకుని, "నాన్నా, నేను చెప్పానా" అన్నాడు. గెలిచినవాడి గొంతులా లేదు. అటు తండ్రి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు.