దొడ్డి గోడ మీద గంప

పుష్య బహుళ పంచమి, గురువారం, ఉదయం తొమ్మిదిన్నర.

పదకొండేళ్లుగా మా దొడ్డివైపు సందులోకి వచ్చిన చేపలావిడ పోయి పద్నాలుగు రోజులైంది. ఆ సంగతి నాకు తెలిసి గంటా ఇరవై నిమిషాలైంది. ఇంత వెంటనే రాయడానికి కూర్చున్న కారణం ఒక్కటే. రేపటికి వాయిదా వేస్తే, జరిగినదాన్ని నాకు అనుకూలంగా సర్దుకుని రాస్తాను. ఆ గుణం నాలో ఉంది.

కబురు తెచ్చింది ఆవిడ కోడలు. ఎనిమిది దాటి పది నిమిషాలకు, సరిగ్గా అత్త వచ్చే వేళకే, సందులో కేక వినిపించింది. గొంతు వేరు. దొడ్డి గేటు దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల బయట నిలబడి, తల మీది గంప దించకుండానే చెప్పింది.

"అమ్మగోరూ, మా అత్త పోయిందండి. పడవలొత్తాయని తెల్లారగట్ట ఒడ్డుకెల్లింది. గంప బోర్లించి దాని మీద కూకుంది. పడవలొచ్చేక లేపితే లెగనేదు."

 లోపలికి రమ్మన్నాను.

"వద్దండి. అమ్మగోరి గేటు దాటొద్దని మా అత్త సెప్పిందండి. పద్దతి గల మనిసి, ఇబ్బంది పెట్టకే అంది."

అంతే చెప్పి వెళ్లిపోయింది. నేను గేటు పట్టుకుని నిలబడే ఉన్నాను.

ఆ పద్ధతి ఏమిటో చెప్పాలి. మా ఇంట్లో చేప వండరు. నేను ముప్ఫై రెండేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బడిలోనైనా ఇంట్లోనైనా నా గీత ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ దాటరు. చేపల గంప మా గేటు దాటి లోపలికి రాకూడదన్నది అలాంటి గీతే. మా ఇంట్లో కొనేవాళ్లు లేకపోయినా ఆవిడ మా గేటు దగ్గర ఆగేది. ఎందుకో మొదటి రోజే చెప్పింది. నిండు గంప దించుకోవాలంటే రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. సందులో అందరూ చేపలు కొంటారు గాని గంపకు చెయ్యి వెయ్యరు. మా దొడ్డి గోడ మాత్రం సరిగ్గా ఆవిడ తల ఎత్తున ఉంది. గోడకు దగ్గరగా జరిగి, గంపను మెల్లగా గోడ మీదికి జార్చేది.

"మీ గోడ నన్ను కొలిసి కట్టినట్టుంటాదమ్మా," అనేది. "పెళ్లికి ముందు మా ఆయన కూడా ఇంత సరిగ్గా కొలవనేదు నన్ను."

నేను నవ్వేదాన్ని కాదు. లోపలికి వచ్చాక నవ్వేదాన్ని.

మంచినీళ్లు ఇచ్చేదాన్ని. గేటు పక్క గూట్లో ఆవిడ కోసం ఒక స్టీలు గ్లాసు ఉండేది. పైనుంచి నీళ్లు పోస్తే తాగి, కడిగి, మళ్లీ గూట్లో బోర్లించేది. పదకొండేళ్లలో ఒక్కరోజైనా ఆ గ్లాసు తడి లేకుండా బోర్లించడం మరచిపోలేదు. ఆవిడది నాకన్నా గట్టి క్రమశిక్షణ.

ఇంకో సంగతి కూడా దాచకుండా రాయాలి. ఆరున్నరకు కంపెనీ బస్సు మా అబ్బాయిని పరవాడ తీసుకుపోతుంది. ఎనిమిదికి కోడలు, మనవరాలు ఒకే స్కూటీ మీద బడికి పోతారు. ఎనిమిది పదికి ఆవిడ. ఆ తరువాత సాయంత్రం నాలుగున్నర వరకు ఈ ఇంట్లో ఎవరితోనూ మాట ఉండదు. నా రోజువారీ పుస్తకంలో వాన పడిందీ లేనిదీ, పాలు విరిగిందీ, ఎవరు ఎన్నింటికి వచ్చిందీ రాస్తాను. అది చూసి ఆవిడ, "తవరు రాసుకుంటారు కాబట్టి మర్చిపోతారు. నాకు పుస్తకం నేదు, అన్నీ గేపకమే," అనేది. గడిచిన పద్నాలుగు రోజులూ ఆ పుస్తకంలో "రాలేదు" అని రాసి ఉంది. జ్వరమనుకున్నాను. ఫోను నంబరు అడగాలని పదకొండేళ్లలో నాకు తోచలేదు.

ఇక నక్క సంగతి.

దొడ్డిలో నాకు తోటకూర మడి, నాలుగు వంగ మొక్కలు ఉన్నాయి. పక్కింటి కోళ్లు పాడుచేస్తున్నాయంటే ఆవిడ వాళ్ల ఊరు పూడిమడక నుంచి ఒక పాత వల తెచ్చి ఇచ్చింది. గేటు బయటి నుంచే అందించి, ఎలా కట్టాలో చెప్పింది.

"అడుగున జానెడు ఒగ్గేసి కట్టండమ్మా. నేలకి బిగించకండి."

"సందు వదిలేస్తే ఇంక కంచె ఎందుకు?"

"కోడి దూరితే నాలుగాకులు తింటాది, అంతే కదేటి. వలకి కోడేదో మరోటేదో తెలదు. దొరికిందల్లా పట్టేత్తాది."

నేను వినలేదు. జానెడుకొక మేకు చొప్పున, స్కేలుతో కొలిచి, వల అంచు నేలకు దిగగొట్టాను. చేసిన పని చూసుకుని సంతోషించాను కూడా.

నిరుడు ఇదే పుష్య మాసంలో మా వెనక చెరకు నరికారు. మూడో రోజు ఉదయం, ఇంట్లోవాళ్లంతా వెళ్లాక, మొక్కలకు చెంబుతో నీళ్లు తీసుకుని దొడ్డి తలుపు తీశాను. మంచు ఇంకా విడలేదు. మడి దగ్గర ఏదో కొట్టుకుంటోంది. కుక్క అనుకున్నాను. దగ్గరికి వెళితే నక్క, చెరకు నరికేసరికి చోటు పోయి ఇటు వచ్చినట్టుంది. మెడ, ఒక వెనక కాలు వలలో చిక్కుకుపోయాయి. చుట్టూ తోటకూరంతా బురదై ఉంది, అంటే చాలాసేపటి నుంచి గింజుకుంటోంది. డొక్కలు ఎగిసిపడుతున్నాయి. నోటి నుంచి పొగలా ఆవిరి వస్తోంది. నన్ను చూసి కదలడం మానేసింది. అరవలేదు. చూసింది.

నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ మేకులు నావి, ఆ కొలత నాది. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

పక్కింటాయన గోడ మీంచి చూసి కర్ర పట్టుకొచ్చాడు. "పిచ్చి నక్కేమోనండి, కరిత్తే పేణం మీదికొత్తాది. రెండు దెబ్బలేసేత్తాను, తప్పుకోండి."

అప్పుడే సందులో కేక వినిపించింది. ఆవిడ గంపను గోడ మీదికి జార్చి, లోపలికి చూసింది. మరుక్షణం గేటు తీసుకుని లోపలికి వచ్చేసింది. నన్ను అడగలేదు. గంప మీద కప్పిన తడి గోనె ఒక చేతిలో, చేపలు కోసే కత్తి ఇంకో చేతిలో ఉన్నాయి.

"బాబూ, ఆ కర్ర కింద పెట్టండి. దానికి తవరిని సూత్తే బయం, నాకు తవరిని సూత్తే నవ్వు. రెండూ పనికి అడ్డమే."

ఆయన కర్ర పట్టుకునే వెనక్కి జరిగాడు. ఆవిడ గోనెను నక్క తల మీద కప్పి, దాని మీద మోకాలు ఆనించింది. నక్క ఒక్కసారి గింజుకుని ఆగిపోయింది.

"అమ్మగోరూ, చెంబు పక్కనెట్టి ఆ కాలట్టుకోండి. లాగకండి. లాగితే ముడి ఇంకా బిగుత్తాది. ఉత్తినే అట్టుకోండి."

పట్టుకున్నాను. నా పిడికిలిలో నక్క కాలు ఎంత సన్నంగా ఉందంటే, ఎముక కూడా వణకడం తెలిసింది. ఆవిడ దారాలు ఒక్కొక్కటే కోసింది. ఏ ముడి ముందు, ఏ ముడి తరువాత అని ఎక్కడా తడబడలేదు. మెడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కత్తి పక్కన పెట్టి వేళ్లతో విప్పింది. చివరికి, "వదలండి," అంది. ఇద్దరం ఒక్కసారే వదిలాం. నక్క లేచి, ఒక అడుగు కుంటి, నరికిన చెరకు మోళ్ల మీదుగా పరుగు తీసింది. గోనె మెడకు తగులుకుని కొంతదూరం దానితోపాటే పోయింది.

"నా గోనట్టుకుపోయిందమ్మా!" అని ఆవిడ నేల మీద కూలబడి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఈసారి లోపలికి వెళ్లకుండానే.

తను చెప్పినట్టే వల కట్టానా అని ఆవిడ నన్ను అప్పుడూ అడగలేదు, తరువాతా అడగలేదు.

నక్క గోళ్లు తగిలి ఉంటాయని భయపడి ఆవిడ చేతులు కొళాయి కింద పెట్టించాను. సబ్బుతో, గడియారం చూసి పదిహేను నిమిషాలు కడిగించాను. గీరుడు ఉందేమోనని వేలు వేలు తిప్పి చూశాను. అరచేతుల్లో పాత తాళ్ల కోతలు చాలా ఉన్నాయి, కొత్తది ఒక్కటీ లేదు. అదే మొదటిసారి ఆవిడను తాకడం.

తరువాత టీ పెట్టాను. ఇంట్లో ఎనిమిది గ్లాసులు ఉన్నాయి. నా చెయ్యి గూట్లోని గ్లాసు కోసం వెళ్లింది. అలవాటు అని రాయవచ్చు. అలవాటు కాదు. ఒక్క క్షణం ఆలోచించే వెళ్లింది. ఆవిడ దాన్ని చూసింది. టీ తాగింది, గ్లాసు కడిగింది, తడి లేకుండా బోర్లించింది.

మర్నాడు గేటు తీసే ఉంచాను. ఆవిడ బయటే నిలబడింది. కోసిన వలను బయటికి అడిగి తీసుకుని, సందులో మట్టి మీద కూర్చుని ముడులు వేసి ఇచ్చింది. "ఈసారి జానెడు," అంది, నేల వైపు చెయ్యి చూపించి. లోపలికి వచ్చి కూర్చో అనే మాట నా నోటి దాకా వచ్చింది. రేపు అందామనుకున్నాను. అలా ఒక ఏడాది.

ఇక జరగవలసినవి:

1. ఆదివారం పూడిమడక వెళ్లాలి. వాళ్లింట్లో కూర్చుని, వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగాలి.

2. గూట్లోని గ్లాసును లోపలి ఎనిమిదిలో కలిపేయాలి. ఏది అదో ఎవరికీ చెప్పకూడదు.

3. వచ్చే వారం వెనక చెరకు నరుకుతారు. ఈలోగా వల కింద జానెడు ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి.

4. రేపు ఎనిమిదికే గేటు తీసి నేను సందులోకి వెళ్లి నిలబడాలి. ఆ పిల్ల అత్తకన్నా జానెడు పొట్టి. మా గోడ తనకు అందదు. అందుకే ఈ రోజు చావు కబురు చెబుతున్నంతసేపూ ఆ బరువు తన తల మీదే ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను. రేపు గంపకు రెండో పక్క నేను పట్టాలి.